ర్యాపర్ ఇంటర్వ్యూ సంపాదించడం ఎలా: బెజవాడ, గుంటూరు నుంచి మొదలుపెట్టేవాళ్ల కోసం

నా మొదటి ర్యాపర్ ఇంటర్వ్యూ మొత్తం కలిపి రెండు నిమిషాల నలభై సెకన్లు. మంగళగిరి దాటాక ఒక కాలేజీ ఫెస్టుకి ఆయన వచ్చారు. పది నిమిషాలు ఇప్పిస్తామని నిర్వాహకులు మాటిచ్చారు. సాయంత్రం నాలుగింటి నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా స్టేజి వెనక నిలబడ్డాను. చివరికి కారెక్కబోతూ ఆగి మాట్లాడారు. ఇంటికొచ్చి వింటే ఆయన గొంతు కంటే పక్కనున్న జనరేటర్ మోతే ఎక్కువగా ఉంది. నేనడిగిన మూడు ప్రశ్నలకీ ఆయన అప్పటికే ఎన్నో చోట్ల జవాబు చెప్పేశారు. ఆయన్ని కలవడానికి ఐదున్నర గంటలు నిలబడ్డానే గానీ, అంతకుముందు వారంలో ఆయన పాటలు గట్టిగా ఒక గంట కూడా వినలేదు. తప్పు అక్కడ జరిగింది.

తర్వాత చాలా నేర్చుకున్నాను. విజయవాడలోనో గుంటూరులోనో ఉండి, చిన్న ఛానెల్‌కో పాడ్‌కాస్ట్‌కో కాలేజీ పత్రికకో హిప్ హాప్ కళాకారులతో మాట్లాడాలనుకునే వాళ్లకి ఆ నేర్చుకున్నదంతా వరసగా చెబుతాను.

1. వాళ్లు ఎందుకు ఒప్పుకోరో ముందు తెలుసుకోండి

ఒకప్పుడు పాట జనంలోకి వెళ్లాలంటే పేపరో రేడియోనో కావాలి. ఇప్పుడు ర్యాపర్ చేతిలో ఫోనుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో లైవ్ పెడితే తన మాట తన వాళ్లకి నేరుగా చేరుతుంది. మధ్యలో మనం ఎందుకు అన్న ప్రశ్నకి జవాబు మన దగ్గర ఉండాలి.

రెండో కారణం థంబ్‌నెయిల్ భయం. గంటసేపు మనసు విప్పి మాట్లాడితే, అందులోంచి ఇంకో ర్యాపర్ గురించి అన్న ఒక్క ముక్క కత్తిరించి, ఎర్ర అక్షరాల్లో పైన అంటించే ఛానెళ్లు ఉన్నాయి. ఒకసారి అలా దెబ్బతిన్నవాళ్లు మళ్లీ మైకు ముందు కూర్చోరు. వాళ్లని తప్పుపట్టలేం.

మూడోది సినిమా ఒప్పందాలు. సినిమాకి పాట రాసినవాళ్లు, పాడినవాళ్లు ఆ పాట విడుదలయ్యే దాకా దాని గురించి నోరు విప్పకూడదని రాసుకోవడం మామూలే. మీకు జవాబు రాకపోతే మిమ్మల్ని చిన్నచూపు చూశారని అనుకోకండి. వాళ్లు చెప్పగలిగిందే ఏమీ లేకపోవచ్చు.

ఇంకొకటుంది, ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. కృష్ణలంకలో ఇంట్లోనే రికార్డు చేసుకునే ఒక కుర్రాణ్ణి ఇంటర్వ్యూ అడిగితే, అతను అన్న మొదటి మాట: "ఎంత ఇవ్వాలన్నా?" అంతకుముందు ఎవరో ఇంటర్వ్యూ వేస్తామని అతని దగ్గర డబ్బు అడిగారట. అందుకే డబ్బు తీసుకోను, ఇవ్వను అని నేను మొదటి మెసేజ్‌లోనే రాసేస్తాను. మీరూ రాయండి.

2. దగ్గరివాళ్లతో మొదలుపెట్టండి

తెలుగు ర్యాప్‌లో పేరున్న రోల్ రైడా, నోయెల్, ప్రణవ్ చాగంటి లాంటి వాళ్లు హైదరాబాదు చుట్టూ ఎదిగినవాళ్లు. స్టూడియోలు, సినిమా ఆఫీసులు అక్కడే ఉన్నాయి. మొదటి ప్రయత్నమే వాళ్లతో చేస్తే నెలలు గడిచిపోతాయి. అజిత్‌సింగ్‌నగర్‌లో, పటమటలో, గుంటూరు కొత్తపేటలో, అరండల్‌పేటలో ఎనిమిది వందల వ్యూస్‌తో పాటలు పెడుతున్న పిల్లలున్నారు. వాళ్లని ఇంతవరకూ ఎవరూ ఒక్క మంచి ప్రశ్న అడిగి ఉండరు.

వాళ్లతో నాలుగైదు ఇంటర్వ్యూలు బాగా చేస్తే రెండు లాభాలున్నాయి. పెద్ద కళాకారుడి మేనేజర్‌కి పంపడానికి మీ పని అంటూ ఒకటి ఉంటుంది. పైగా ఈ లోకం చిన్నది. ర్యాప్ వెనక వినిపించే సంగీతం, అంటే బీటు, చేసేవాడు ఒకడే పదిమందికి చేస్తాడు, వీడియో తీసేవాడు ఒకడే పదిమందికి తీస్తాడు. మీరు ఒకరితో మర్యాదగా మసలుకుంటే ఆ మాట మిగతావాళ్లకి మీకంటే ముందే చేరుతుంది.

3. అడిగే ముందు వినండి

ఈ మార్గదర్శిలో ఒక్క అడుగే పాటించే ఓపిక మీకుంటే, ఈ మూడోది పాటించండి.

ఒక పాట ఎంచుకోండి. మొదటిసారి ఊరికే వినండి. రెండోసారి కాగితం మీద, మీ చేత్తో, తెలుగులో మాటలన్నీ రాయండి. ర్యాప్ వేగంలో మనం విన్నామనుకునేది సగమే. రాస్తేనే మిగతా సగం బయటపడుతుంది. మూడోసారి బీటు మీద మాట ఎక్కడ పడుతోందో, ఎక్కడ కావాలని ఆలస్యంగా పడుతోందో గీతలు పెట్టుకుంటూ వినండి.

ఉదాహరణకి నేనే రెండు పంక్తులు కట్టి చూపిస్తాను:

కట్ట మీద ఇల్లు, అద్దె కట్టని నెల
నోట్ల కట్ట చూడ్డం నాన్నకొక కల

ఊరికే వింటే నెల, కల అనే అంత్యప్రాస మాత్రమే చెవిన పడుతుంది. రాసుకుంటే 'కట్ట' మూడుసార్లు వచ్చిందని తెలుస్తుంది. ఒకసారి కృష్ణ కరకట్ట, ఒకసారి చెల్లించకపోవడం, ఒకసారి డబ్బు. ఒకే అక్షరాల గుంపు వేరే వేరే అర్థాలతో తిరిగి రావడాన్ని మన పాతవాళ్లు యమకం అన్నారు. ఆ ర్యాపర్‌కి ఈ పేరు తెలియకపోవచ్చు, చెవికి మాత్రం ఆ పని తెలుసు. "ఈ మాట మూడుసార్లు తిప్పారు, మూడోది ముందు తట్టిందా, మొదటిదా?" అని మీరడిగితే అతను కుర్చీలో ముందుకు జరుగుతాడు. అలా జరగడం నేను చాలాసార్లు చూశాను.

పాట కింద వీడియో వివరణలో ఉన్న పేర్లన్నీ చదవండి. బీటు ఎవరిది, మిక్సింగ్ ఎవరు, పాట హక్కు ఎవరి పేరు మీద ఉంది. ఈ చివరిది తర్వాత చాలా అవసరమవుతుంది. పాటలో ఊరి పేరో వీధి పేరో వస్తే ఒకసారి అక్కడికి వెళ్లి రండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ నీళ్లలో మునిగిన రోజుల గురించి ఎవరైనా పాట కట్టి ఉంటే, ఆ వీధుల్లో నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో అక్కడివాళ్లని అడిగి తెలుసుకున్నాకే ఆ కళాకారుడి ముందు కూర్చోండి.

హిప్ హాప్ చరిత్ర కొంచెం తెలిసి ఉండాలి. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో ఒక అపార్ట్‌మెంట్ భవనంలో డీజే కూల్ హెర్క్ చెల్లెలు పెట్టిన పార్టీని దీని పుట్టుకగా చెప్పుకుంటారు. పాటలో డప్పులు మాత్రమే వినిపించే చిన్న భాగాన్ని రెండు రికార్డుల మీద మార్చి మార్చి సాగదీయడం హెర్క్ చేసిన కొత్త పని. హిప్ హాప్‌కి డీజే, మైకు పట్టి ర్యాప్ చేసే ఎంసీ, బ్రేక్ డాన్స్, గోడల మీద రంగులతో గీసే గ్రాఫిటీ అని నాలుగు అంగాలు. మన దేశంలో 2015 తర్వాత ముంబయి గల్లీల నుంచి డివైన్, నేజీ అనే ర్యాపర్లు వచ్చాక మిగతా భాషల్లోనూ ఊపు వచ్చింది. ఈ మాత్రం తెలిస్తే చాలు. ఇది ఇంటర్వ్యూలో అప్పజెప్పడానికి కాదు, అతను ఒక పేరు ఎత్తినప్పుడు మీ ముఖం తెల్లబోకుండా ఉండటానికి.

మన గడ్డ మీది చరిత్ర కూడా తెలిసి ఉంటే ఇంకా మంచిది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథకి 1986లో పద్మశ్రీ అందుకున్నారు. కథకుడు పంక్తి వదలగానే పక్కనున్న వంతలు అందుకోవడం, ఒకరు నవ్వించడం, ఇంకొకరు ఊరి రాజకీయం మాట్లాడటం. ఈరోజు ర్యాపర్ వెనక నిలబడి పంక్తి చివరి మాట అందుకునే తోడు గొంతు చేసేది దానికి చాలా దగ్గరి పని. రెండూ ఒకటే అని నేననను. కానీ గుంటూరు ర్యాపర్‌ని మీ తాతగారి ఊళ్లో బుర్రకథ విన్నారా అని అడిగితే, అమెరికా ర్యాపర్ల గురించి అడిగినప్పుడు రాని మాటలు వస్తాయి.

4. ఎవరి తలుపు తట్టాలి

ప్రొఫైల్‌లో కనిపించే ఈమెయిల్ ఎక్కువగా బుకింగ్స్ కోసం పెట్టింది. దాన్ని చూసే మనిషి షోలు, డబ్బు లెక్కలు చూస్తాడు. అక్కడికి రాయొచ్చు, కానీ సబ్జెక్టులోనే 'ఇంటర్వ్యూ కోసం, షో కోసం కాదు' అని ఉండాలి. లేబుల్‌తో, అంటే పాటలు విడుదల చేసే కంపెనీతో, ఒప్పందం ఉన్న కళాకారుడికి ప్రచారం చూసే మనిషి వేరే ఉంటారు. కొత్త పాటకి రెండు మూడు వారాల ముందు ఆ మనిషి మీ కోసం వెతుకుతారు, పాట వచ్చిన నెల తర్వాత మీ మెసేజ్ తెరిచి కూడా చూడరు. కాబట్టి విడుదల తేదీ ప్రకటించిన రోజే రాయండి.

ఇన్‌స్టాగ్రామ్‌లో నేరుగా పంపిన మెసేజ్ రిక్వెస్టుల్లో పడి ఉంటుంది. కామెంట్లలో "అన్నా డీఎం చూడు" అని పదిసార్లు పెట్టడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

నాకు ఎక్కువగా పనిచేసిన దారి బీటు చేసిన ప్రొడ్యూసర్. అతన్ని ఎవరూ పలకరించరు. ముందు అతని పని గురించే అతనితో మాట్లాడండి, వీలైతే అతన్నే ఒక ఎపిసోడ్‌లో కూర్చోబెట్టండి. మనసులో ర్యాపర్‌ని పెట్టుకుని ప్రొడ్యూసర్‌ని మెట్టులా వాడుకుంటే అతనికి తెలిసిపోతుంది.

మన ఊళ్లలో ఇంకో అలవాటుంది. బాబాయి స్నేహితుడి అల్లుడి దగ్గర నంబరు ఉందని తెలిస్తే రాత్రి పదకొండింటికి ఫోన్ కొట్టేస్తాం. వద్దు. ఆ నంబరు మీకిచ్చినవాళ్లకి కూడా చెడ్డపేరు వస్తుంది.

5. మెసేజ్ ఇలా రాయండి

నేను వాడే పద్ధతిలో ఒకటి:

"నమస్తే అండీ. నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. తెలుగు ర్యాప్ మీద చిన్న పాడ్‌కాస్ట్ చేస్తున్నాను. ఏడు ఎపిసోడ్లు వచ్చాయి, ఒక్కోటి మూడు నాలుగు వందల మంది వింటారు. మీ కొత్త పాట రెండో చరణంలో 'కట్ట' మూడోసారి వచ్చినప్పుడు బీటు ఒక్క క్షణం ఆగుతుంది. అది రాసేటప్పుడే అనుకున్నారా, రికార్డింగులో వచ్చిందా అని అడగాలని ఉంది. ఆ పాట చుట్టూ నలభై నిమిషాలు మాట్లాడదాం, ఆడియో మాత్రమే. మీకు వీలైన చోటికి నేనే వస్తాను, ఫోన్‌లో అయినా సరే. డబ్బు తీసుకోను, ఇవ్వను. ఈ నెల 20 లోపు ఏ రోజు కుదురుతుందో చెప్పగలరా?"

వినేవాళ్ల సంఖ్య ఉన్నదున్నట్టు రాయండి. మూడు వందలని మూడు వేలు చేస్తే అతను ఒక్క క్లిక్‌తో చూసేస్తాడు. 'మీకు పెద్ద ఫ్యాన్‌ని' అని మొదలుపెట్టకండి, ఆ మాట అతని ఇన్‌బాక్స్ నిండా ఉంటుంది. వయసులో మీకంటే చిన్నవాడైనా 'మీరు', 'గారు' అనే రాయండి. కలిశాక అతనే 'అన్నా' అనో 'బ్రో' అనో పిలిస్తే అప్పుడు మీరూ అదే వరసలో పిలవొచ్చు. మేనేజర్‌కి ఎప్పుడూ 'అండీ'నే.

జవాబు రాకపోతే ఐదారు రోజులాగి ఒకసారి, ఇంకో పదిరోజులాగి ఒకసారి గుర్తుచేయండి. అంతటితో వదిలేసి తర్వాతి పాట దాకా ఆగండి.

6. ఫెస్టుకి వచ్చినప్పుడు

పెద్ద పేర్లు మన వైపు ఎక్కువగా వచ్చేది కాలేజీ ఫెస్టులకే. వడ్లమూడి విజ్ఞాన్, వడ్డేశ్వరం కేఎల్, అమరావతి వైపున్న విశ్వవిద్యాలయాలు. అక్కడ మీకు కావాల్సిన మనిషి ప్రిన్సిపాల్ కాదు, సాంస్కృతిక కమిటీలో కళాకారుల బాధ్యత చూసే విద్యార్థి. కారు ఎప్పుడొస్తుంది, సౌండ్ చెక్ ఎప్పుడు, భోజనం ఎప్పుడు అనేది ఆ పిల్లాడికే తెలుసు. వారం ముందే పరిచయం చేసుకోండి.

రాత్రి 10 దాటాక బయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదని శబ్ద కాలుష్య నియమాలు చెబుతాయి. ప్రత్యేక అనుమతి లేకపోతే పదికల్లా ఆపేయాల్సిందే. ముందు కార్యక్రమాలు ఎప్పుడూ సాగుతాయి కాబట్టి కళాకారుడు హడావిడిగా ఎక్కి హడావిడిగా దిగుతాడు. దిగాక సుమారు 275 కిలోమీటర్ల హైదరాబాదు ప్రయాణమో, పొద్దున్నే గన్నవరం విమానమో ఉంటుంది. షో అయ్యాక మాట్లాడతారన్న ఆశ పెట్టుకోకండి. సౌండ్ చెక్ అయిపోయి, జనం ఇంకా రాని ఆ అరగంట ఉందే, అదే మీది.

ఆ అరగంటలో కూడా పూర్తి ఇంటర్వ్యూ అడగొద్దని నా సలహా. పాటలోని ఒక పంక్తి గురించి ఒక్క ప్రశ్న అడగండి, జవాబు శ్రద్ధగా వినండి. తర్వాత "దీని గురించే వచ్చే వారం ఫోన్‌లో అరగంట మాట్లాడొచ్చా, ఎవరికి మెసేజ్ పెట్టమంటారు?" అని అడగండి. స్టేజి టెన్షన్‌లో ఉన్న మనిషి ఇచ్చే పది నిమిషాల కంటే, తన గదిలో కూర్చుని ఇచ్చే అరగంట ఎన్నో రెట్లు బాగుంటుంది. సెల్ఫీ అడగాలనిపిస్తే ఆ ఫోన్ సంభాషణ అయ్యాక ఎప్పుడైనా అడగొచ్చు.

7. షరతులు మాట్లాడుకోవడం

ప్రశ్నలు ముందే పంపమని అడుగుతారు. నేను ఐదారు విషయాల పేర్లు పంపుతాను, ప్రశ్నలు పంపను. ప్రశ్నలు ముందే చదివితే జవాబులు వండినట్టు వస్తాయి. ఏ విషయం ముట్టుకోవద్దో చెప్పమని నేనే అడుగుతాను. కుటుంబం, పాత గొడవ, పోలీసు కేసు, ఏదైనా సరే, మాటిస్తే మాట మీద ఉండాలి. రికార్డింగ్ మధ్యలో "ఇది వద్దులే" అన్నది కూడా వద్దనే లెక్క.

విడుదలకి ముందు మొత్తం చూపించాలని మేనేజర్ పట్టుబట్టొచ్చు. తేదీలు, పేర్లు, అతను అన్న మాటలు సరిచూడటానికి చూపిస్తాను, శీర్షిక మాత్రం నాదే అని నేను ముందే చెబుతాను. దీనికి ఒప్పుకోని వాళ్లు ఇద్దరు ముగ్గురే ఎదురయ్యారు.

8. చోటు, చప్పుడు

కృష్ణ ఒడ్డున ఘాట్ మీద కూర్చుంటే బొమ్మ అందంగా వస్తుంది, మైకులో గాలి తప్ప ఏమీ ఉండదు. బెంజిసర్కిల్ కాఫీ షాపుల్లో మిక్సీ, పాటలు, హారన్లు. అన్నిటికంటే మంచి చోటు అతను రికార్డు చేసుకునే గదే. గోడలకి దుప్పట్లో పరుపులో ఉంటాయి, శబ్దం తిరిగి కొట్టదు. పైగా అక్కడ అతను సొంత ఇంట్లో ఉన్నట్టు మాట్లాడతాడు. మే నెల ఎండల్లో ఫ్యాన్ ఆపమని అడగడం కష్టమే, కాబట్టి పొద్దున ఎనిమిదికి పెట్టుకోండి. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి. రికార్డింగ్ రెండు చోట్ల జరగాలి, ఒకటి మైకుతో, ఇంకొకటి రెండో ఫోన్‌లో. పది సెకన్లు మాట్లాడించి, హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాకే మొదలుపెట్టండి. ఆ జనరేటర్ రోజు తర్వాత నేను ఈ పని ఒక్కసారి కూడా మానలేదు.

9. ప్రశ్నలు

'మీకు స్ఫూర్తి ఎవరు', 'ర్యాప్‌లోకి ఎలా వచ్చారు' అనేవి పక్కన పెట్టండి. వాటికి కంఠతా జవాబులుంటాయి. పని గురించి అడగండి. ఈ పాటలో ఏ మాట చివరి నిమిషంలో మార్చారు? మొదట ఎవరికి వినిపించారు, వాళ్లు ఏమన్నారు? బీటు లీజుకి తీసుకున్నారా, పూర్తిగా కొన్నారా? ఇంటర్నెట్‌లో లీజుకి దొరికే బీటు చవక, కానీ అదే బీటు ఇంకొకరి పాటలోనూ వినిపించొచ్చు, పాటని ఎన్నిసార్లు వినిపించవచ్చో దానికి హద్దు కూడా ఉంటుంది. డబ్బు లేని కుర్రాడికి ఇది రోజూ ఎదురయ్యే సమస్య. దీని గురించి అడిగితే అతని బతుకంతా బయటికొస్తుంది.

మన ప్రాంతం వాళ్లని యాస గురించి తప్పకుండా అడగండి. తెలుగు ర్యాప్‌లో హైదరాబాదు మాట బాగా వినిపిస్తుంది. గుంటూరు కుర్రాడు పాటలో 'పోరడు' అంటాడా, 'కుర్రోడు' అంటాడా? ఇంట్లో ఒకలా మాట్లాడి మైకు ముందు ఇంకోలా మాట్లాడితే ఎందుకలా? ఒకతను ఈ ప్రశ్నకి చాలాసేపు మౌనంగా ఉండి, "మా అమ్మ మాట్లాడినట్టు రాస్తే నవ్వుతారేమో అనుకున్నా" అన్నాడు. ఆ మౌనాన్ని నేను ఎడిటింగ్‌లో కత్తిరించలేదు. అతను ఆగినప్పుడు మీరు వెంటనే ఇంకో ప్రశ్న వేయకండి. మనసులో ఐదు లెక్కపెట్టండి.

గొడవల గురించి అడగాల్సి వస్తే చివర్లో, పాట ఆధారంగా, అక్కడ లేని మనిషి మీద మాట తూలేలా రెచ్చగొట్టకుండా అడగండి. ర్యాప్ చేసే అమ్మాయిలని 'ఆడపిల్లై ఉండి' అని మొదలయ్యే ప్రశ్న అడగొద్దు. ఆమె రాసిన పంక్తి గురించి అడగండి, అబ్బాయిలని అడిగినట్టే. ఇంటర్వ్యూ చోటు కూడా ఆమెనే ఎంచుకోమనండి, తోడుగా ఎవరినైనా తెచ్చుకోవచ్చని మీరే ముందు చెప్పండి.

10. ఇంటర్వ్యూ అయ్యాక

పాట ముక్క మధ్యలో వాడాలనిపిస్తుంది. ర్యాపర్ "వాడుకో అన్నా" అన్నా సరిపోదు, హక్కు లేబుల్‌దో సినిమా మ్యూజిక్ కంపెనీదో అయి ఉండొచ్చు. యూట్యూబ్ దాన్ని దానంతట అదే గుర్తుపడుతుంది. అప్పుడు మీ వీడియో మీద వచ్చే ప్రకటనల డబ్బు హక్కుదారుకి వెళ్లొచ్చు, కొన్నిసార్లు వీడియోనే కనిపించకుండా పోతుంది. హక్కు ఎవరిదో చూసి వాళ్ల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. లేదంటే ఆ నాలుగు పంక్తులు బీటు లేకుండా అతని చేత అక్కడే చెప్పించుకోండి. చాలాసార్లు అదే బాగుంటుంది. మాటలు కూడా లేబుల్‌వే అయితే దానికీ ఒక మాట అడగండి.

వచ్చిన రోజే లింక్ కళాకారుడికీ మేనేజర్‌కీ ప్రొడ్యూసర్‌కీ పంపండి. ఇంట్లోవాళ్ల గురించిన మాట ఏదైనా తీసేయమంటే వాదించకుండా తీసేయండి. ఆరు నెలల తర్వాత అతని కొత్త పాట వచ్చినప్పుడు మళ్లీ కాగితం తీసి రాసుకుని, మీకు నచ్చిన పంక్తి ఒకటి పేర్కొంటూ మెసేజ్ పెట్టండి. ఆ మెసేజ్‌లో ఏమీ అడగొద్దు. "ఎంత ఇవ్వాలన్నా?" అన్న కృష్ణలంక కుర్రాడికి నేను అలాగే పెట్టాను. ఇంకా విడుదల కాని రెండు పాటలు పంపించి, "ముందు నువ్వు విను అన్నా, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు.